పాత కారుకు ఇంజిన్ కిట్టా, ప్రత్యేకంగా కట్టించిన ఇంజినా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు ఆయిల్ తాగడం మొదలుపెట్టి, వెనుక నీలిపొగ కనిపించి, ఇంజిన్ దించక తప్పదని తేలిన రోజున యజమానులు అడిగే ప్రశ్నలివి. చాలా ఏళ్లుగా పాత ఇంజిన్ల మధ్య గడిపినవాడిగా నాకు తెలిసిన జవాబులు రాస్తున్నాను. అన్నిటిలోనూ సర్దుకుపోతాను కానీ ఒక్క విషయంలో మొండిగా ఉంటాను: బ్లాక్‌ను, అంటే సిలిండర్లు ఉండే ఇంజిన్ ప్రధాన దిమ్మెను, కొలిచేదాకా ఏ విడిభాగమూ కొనకూడదు.

కిట్ అంటే పెట్టెలో ఏముంటాయి?

ఆ ఒక్క పేరుతో మూడు వేరువేరు సరుకులు అమ్ముతారు. ఏది కొంటున్నారో ముందు తేల్చుకోండి.

మొదటిది రీబిల్డ్ కిట్. పిస్టన్లు, రింగులు, మెయిన్ బేరింగులు, రాడ్ బేరింగులు, గ్యాస్కెట్లు, టైమింగ్ చైను, ఆయిల్ పంపు వంటి అరిగే భాగాలన్నీ ఇందులో ఉంటాయి. కొన్నిటిలో వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్, దానికీ వాల్వులకూ మధ్య నడిచే లిఫ్టర్లు కూడా ఇస్తారు. రెండోది రొటేటింగ్ అసెంబ్లీ. ఇందులో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు), పిస్టన్లను దానికి కలిపే కనెక్టింగ్ రాడ్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు ఒకదానికొకటి జతపడేలా వస్తాయి. మూడోది సిలిండర్ కిట్. బ్లాక్ నుంచి సిలిండర్లు విడిగా ఊడివచ్చే ఇంజిన్లకు పిస్టన్లనూ సిలిండర్లనూ కలిపి అమ్ముతారు.

ఈ మూడింటిలో దేనిలోనూ బ్లాక్ ఉండదు. కర్మాగారంలోనే బిగించి అమ్మే సిద్ధమైన ఇంజిన్ వేరే సరుకు, దాన్ని కిట్ అనకూడదు.

ప్రత్యేకంగా కట్టించడం అంటే?

మీ బ్లాక్‌ను, లేదా మంచి స్థితిలో ఉన్న మరో బ్లాక్‌ను బిల్డర్ చేతికి అప్పగిస్తారు. ఆయన దాన్ని కడిగి, కొలిచి, కారును మీరు ఎలా నడుపుతారో అడిగి తెలుసుకుని, దానికి తగిన భాగాలను ఒక్కొక్కటిగా ఎంచుకుంటాడు. ఒక పిస్టన్ ఒకరి దగ్గరి నుంచి, రింగులు మరొకరి దగ్గరి నుంచి రావచ్చు. కామ్‌షాఫ్ట్‌ను మీ గేర్‌బాక్సుకూ కారు బరువుకూ తగినట్టు రుబ్బించవచ్చు. పని పూర్తయ్యాక భాగాల మధ్య ఉంచిన ప్రతి ఖాళీ కొలతా రాసిన కాగితం మీ చేతికి రావాలి. ఆ కాగితం లేకపోతే బయట ఏ పేరు పెట్టి పిలిచినా అది మామూలు బిగింపే.

మరి రెండింటిలో ఏది మంచిది?

మీ బ్లాక్ ఎంత ఆరోగ్యంగా ఉంది, మీరు ఇంజిన్‌లో ఎంత మార్పు కోరుకుంటున్నారు అన్నవే తేల్చాలి. బ్లాక్ బాగుండి, కారు కొత్తలో ఎలా నడిచిందో అలాగే నడిస్తే చాలనుకుంటే రీబిల్డ్ కిట్ సరైన ఎంపిక. భాగాలు తేలికగా దొరికే ఇంజిన్ అయితే మరీ మంచిది. బ్లాక్‌లో ఏదో ఒక లోపం బయటపడినా, ఇంజిన్ అరుదైనదైనా, శక్తి గణనీయంగా పెంచాలనుకున్నా, ప్రత్యేకంగా కట్టించుకోవడమే మేలు. లోపమున్న బ్లాక్‌లో ఖరీదైన కిట్ బిగిస్తే ఆ డబ్బు తిరిగి రాదు.

కిట్ బాగా కుదిరే ఇంజిన్‌కు మంచి ఉదాహరణ ట్రయంఫ్ టీఆర్2 నుంచి టీఆర్4 వరకు వచ్చిన నాలుగు సిలిండర్ల ఇంజిన్. అందులో సిలిండర్ లైనర్లు, అంటే సిలిండర్ గోడలుగా పనిచేసే గొట్టాలు, చుట్టూ నీళ్లు తగిలేలా బ్లాక్‌లో నిలబడి ఉంటాయి, పైకి లాగితే వచ్చేస్తాయి. 83 మిల్లీమీటర్ల బోరుతో (సిలిండర్ లోపలి వ్యాసం) 1991 సీసీ ఉండే ఆ ఇంజిన్‌కు 86 మిల్లీమీటర్ల లైనర్లు, పిస్టన్లు వేస్తే 2138 సీసీ అవుతుంది. బ్లాక్‌ను బోరు చేయించే పనే ఉండదు. అయినా లైనర్ అంచు బ్లాక్ మట్టం కంటే అంగుళంలో వెయ్యింట మూడు నుంచి ఐదు వంతుల దాకా పైకి నిలిచిందో లేదో కొలవాలి. తక్కువైతే హెడ్ గ్యాస్కెట్ నిలవదు. ఇంత అనుకూలమైన ఇంజిన్ కూడా కొలత అడుగుతుంది.

బ్లాక్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?

కంటికి కనిపించేది చాలా తక్కువ. ముందు బ్లాక్‌ను పూర్తిగా విప్పి, నీటి దారుల్లోని ప్లగ్గులు కూడా తీసి, వేడి ద్రావణంలో కడిగించాలి. దశాబ్దాల తుప్పు, మడ్డి నీటి దారుల అడుగున గట్టిపడి ఉంటాయి. అవి పోకుండా ఇంజిన్ కడితే వెనుక సిలిండర్లు ఎప్పుడూ వేడెక్కుతూనే ఉంటాయి.

తరువాత పగుళ్ల పరీక్ష. పోత ఇనుము బ్లాక్ అయితే అయస్కాంతీకరించి పైన ఇనుప పొడి చల్లుతారు. పగులు ఉన్నచోట పొడి గీతలా పేరుకుంటుంది. అల్యూమినియం అయస్కాంతానికి లొంగదు కాబట్టి పగుళ్లలోకి ఇంకే రంగుద్రవంతో చూస్తారు.

ఆ తరువాతే బోరు కొలత. సిలిండర్ సమంగా అరగదు. పిస్టన్ పైకి వచ్చి ఆగే చోట వేడి, ఒత్తిడి ఎక్కువ, ఆయిల్ తక్కువ. అందుకే అక్కడ అరుగుదల అన్నిటికంటే ఎక్కువ, కిందికి పోయేకొద్దీ తగ్గుతుంది. రాడ్ వంపుగా నెట్టడం వల్ల పిస్టన్ ఒక పక్కకు ఒరుసుకుంటుంది, దాంతో గుండ్రని బోరు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. కాబట్టి ప్రతి సిలిండర్‌ను పైన, మధ్యలో, అడుగున, రెండు దిశల్లో డయల్ బోర్ గేజ్‌తో కొలవాలి. ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌కు 48 కొలతలు అవుతాయి. ఓపిగ్గా ఒక కాగితం మీద రాసుకోండి. అందులో అన్నిటికంటే అరిగిన సిలిండర్ ఏదో, దాన్ని శుభ్రంగా గుండ్రం చేయడానికి ఎంత లోహం తీయాలో, అదే మీ పిస్టన్ల సైజును నిర్ణయిస్తుంది. మిగతా ఏడూ దాని వెంటే నడవాలి.

అంతకుముందు ఎవరైనా బోరు చేయించి ఉంటే సిలిండర్ గోడ ఎంత మందం మిగిలిందో శబ్దతరంగాల పరికరంతో చూపించుకోండి. పోత పోసినప్పుడు లోపలి అచ్చు కొద్దిగా జరిగినా ఒక గోడ మందంగా, ఎదుటి గోడ పల్చగా తయారవుతుంది. బయటి నుంచి ఎంత చూసినా ఆ సంగతి తెలియదు. చివరగా క్రాంక్ కూర్చునే మెయిన్ బోర్లు ఒకే సరళరేఖలో ఉన్నాయా, హెడ్ కూర్చునే పై మట్టం చదునుగా ఉందా అన్నవి చూడాలి.

కిట్ ముందే కొని పెట్టుకుంటే సమయం కలిసొస్తుంది కదా?

నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. ఇంజిన్ ఇంకా కారులో ఉండగానే 30 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట ముప్పై వంతుల ఓవర్‌సైజ్ పిస్టన్ల కిట్ తెప్పించాను. ఇంజిన్ విప్పాక చూస్తే పాత పిస్టన్ల తలల మీదే 30 అని చెక్కి ఉంది. ఆ బోరు అప్పటికే అంతవరకు వెళ్లి, ఆపైన ఇంకా అరిగింది. నలభైకి పోక తప్పలేదు. బేరింగుల విషయమూ అంతే: క్రాంక్ పది థౌ రుబ్బించిన తరువాతగానీ సరైన అండర్‌సైజ్ బేరింగులు ఏవో తెలియలేదు. పెట్టె తెరిచినందువల్ల కిట్ వెనక్కి తీసుకోలేదు. నా తొందరపాటుకు ఒక పూర్తి కిట్ విలువ చెల్లించాను. ఆ బాధ మీకు వద్దనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కిట్ కొంటే మెషిన్ షాపు పని తప్పుతుందా?

తప్పదు. కిట్ మీకు భాగాలు ఎంచుకునే శ్రమను తగ్గిస్తుంది, అంతే. బోరింగ్, హోనింగ్ (బోరు లోపలిని రుద్ది చివరి కొలతకు తేవడం), క్రాంక్ రుబ్బడం, హెడ్‌కు వాల్వు పని అన్నీ రెండు దారుల్లోనూ ఉంటాయి. హోనింగ్ చేసేటప్పుడు హెడ్ స్థానంలో మందపాటి టార్క్ ప్లేటు బిగించమని అడగండి. హెడ్ బోల్టులు బిగిసినప్పుడు సిలిండర్ కొద్దిగా వంకర పోతుంది. ఆ బిగువులోనే గుండ్రం చేస్తే, ఇంజిన్ నడిచేటప్పుడు కూడా గుండ్రంగానే ఉంటుంది.

పెట్టె మీద ‘నేరుగా బిగించవచ్చు’ అని రాసి ఉన్నా నమ్మకండి. టర్బో లేని, మామూలుగా నడిపే ఇంజిన్‌లో పై రింగు చివరల మధ్య ఖాళీ బోరు ప్రతి అంగుళానికి సుమారు వెయ్యింట నాలుగు వంతుల చొప్పున ఉండాలని వాడుకలో ఉన్న లెక్క. నాలుగంగుళాల బోరుకు అది 0.016 అంగుళం. ఖాళీ చాలకపోతే వేడికి రింగు సాగి, చివరలు ఒకదాన్నొకటి తన్నుకుని, పిస్టన్ పగులుతుంది. బేరింగులో ఆయిల్ ఖాళీకి జర్నల్ (క్రాంక్ మీద బేరింగు కూర్చునే గుండ్రని భాగం) వ్యాసంలో ప్రతి అంగుళానికి వెయ్యింట ఒక వంతు చొప్పున లెక్కిస్తారు. రింగు తయారీదారు, ఇంజిన్ మాన్యువల్ ఇచ్చిన అంకెలు ఉంటే వాటినే పాటించండి.

నా ఇంజిన్ పేరు, సీసీ కిట్ మీద రాసినవే. ఇంకా అనుమానం ఎందుకు?

ఒకే పేరుతో, ఒకే సీసీతో తయారీదారులు లోపల ఎన్నో మార్పులు చేశారు. ఎంజీబీ 1962లో 1798 సీసీ ఇంజిన్‌తో వచ్చినప్పుడు క్రాంక్‌కు మూడు మెయిన్ బేరింగులు. 1964 చివర్లో అవి ఐదయ్యాయి. సీసీ మాత్రం మారలేదు. షెవ్రొలే చిన్న వీ8 ఇంజిన్ 1955లో మొదలైంది. 1986లో దాని వెనుక ఆయిల్ సీలు రెండు ముక్కల నుంచి ఒకే ముక్కకు మారింది. దాంతో బ్లాక్, క్రాంక్, ఫ్లైవీల్ అన్నీ మారాయి. ఫోర్డ్ 302 ఇంజిన్‌లో డ్యాంపర్, ఫ్లైవీల్ మోసే అసమతుల్య బరువు 1980ల ఆరంభం వరకు సుమారు 28 ఔన్స్-అంగుళాలు, ఆ తరువాత 50. పాత క్రాంక్‌కు కొత్త ఫ్లైవీల్ తగిలిస్తే బోల్టులన్నీ చక్కగా కూర్చుంటాయి, ఇంజిన్ మాత్రం బండినంతా వణికిస్తుంది.

అందుకే కిట్ ఆర్డరు పెట్టేముందు కారు తయారైన సంవత్సరం చెప్పడంతో ఆగకండి. బ్లాక్ మీద పోతలో వచ్చిన నంబరు, హెడ్ నంబరు, క్రాంక్ నంబరు రాసుకుని చెప్పండి. ఇన్నేళ్లలో ఎవరో ఇంజిన్ మార్చి ఉండవచ్చు.

స్ట్రోకర్ కిట్ వేస్తే శక్తి పెరుగుతుందంటారు. నిజమేనా?

నిజమే. స్ట్రోకర్ కిట్ స్ట్రోకును, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని, పెంచుతుంది. అయితే దాన్ని రీబిల్డ్ కిట్‌తో సమానంగా చూడకూడదు. అందరికీ తెలిసిన ఉదాహరణ షెవ్రొలే 350ని 383గా మార్చడం. 350 ఇంజిన్ బోరు 4.000 అంగుళాలు, స్ట్రోకు 3.480. బోరును 4.030కి పెంచి, 400 ఇంజిన్‌కుండే 3.750 స్ట్రోకు ఇస్తే 383 ఘనపు అంగుళాలు వస్తాయి. వెనకటికి 400 క్రాంక్‌నే తెచ్చి, దాని 2.65 అంగుళాల మెయిన్ జర్నళ్లను 350 బ్లాక్‌కు సరిపోయే 2.45కు రుబ్బించేవారు. ఇప్పుడు ఆ సైజుతోనే తయారైన క్రాంక్‌లు కిట్‌గా వస్తున్నాయి.

పొడవైన స్ట్రోకుతో రాడ్ బోల్టులు బ్లాక్ అడుగు అంచుకూ కామ్‌షాఫ్ట్‌కూ తగిలేంత దగ్గరగా తిరుగుతాయి. ఒక్కొక్క సిలిండర్‌నూ చేత్తో తిప్పి చూసి, తగిలేచోట బ్లాక్‌ను రుద్ది ఖాళీ చేయాలి. ఇక ఎక్కువమంది మరచిపోయేది కంప్రెషన్, అంటే పిస్టన్ పైకి వచ్చేసరికి సిలిండర్‌లోని మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుపోతుందన్నది. 350లో ఒక్కో సిలిండర్ సుమారు 717 సీసీ. హెడ్‌లోని దహన గది 64 సీసీ, గ్యాస్కెట్, పిస్టన్ పైగుంత, డెక్ ఖాళీ (పైకి వచ్చిన పిస్టన్‌కూ బ్లాక్ పై మట్టానికీ మధ్య చోటు) కలిపి 20 సీసీ అనుకుందాం. కంప్రెషన్ నిష్పత్తి 9.5 దగ్గర ఉంటుంది. అవే ఉంచి 383 చేస్తే ఒక్కో సిలిండర్ 784 సీసీ అవుతుంది, నిష్పత్తి 10.3 దాటుతుంది. ఇనుప హెడ్‌తో, బంకులో దొరికే మామూలు పెట్రోలుతో ఆ నిష్పత్తి ఇంజిన్ లోపల టకటక కొట్టించే ప్రమాదం ఉంది. దహన గది 76 సీసీ ఉన్న హెడ్ వేస్తే 9.2కు దిగుతుంది. కిట్ పెట్టె మీద ఒక కంప్రెషన్ అంకె వేసి ఉంటే అది ఏ హెడ్‌కు లెక్కించారో తప్పకుండా అడగండి. స్ట్రోకర్ దాకా వెళ్లేవాళ్లకు నా సలహా, కిట్ కొన్నా సరే, బిగింపును అనుభవమున్న బిల్డర్‌కే అప్పగించండి.

గాలితో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్‌కూ ఇదే వర్తిస్తుందా?

చాలావరకు. 1600గా పిలిచే ఇంజిన్ నిజానికి 85.5 మిల్లీమీటర్ల బోరు, 69 స్ట్రోకుతో 1584 సీసీ. 87 మిల్లీమీటర్ల సిలిండర్లు పాత కేసులోకి నేరుగా దూరతాయి, 1641 సీసీ వస్తుంది. అయితే సిలిండర్ గోడ పల్చన. 90.5 వేసి 1776 చేయాలంటే కేసునూ హెడ్లనూ కోయించాలి. ఒకసారి కోశాక వెనక్కి పోలేరు. ఆ కేసు మెగ్నీషియం మిశ్రమలోహం. ఏళ్ల తరబడి కొట్టుకుని మెయిన్ బోర్లు సాగి ఉంటాయి కాబట్టి ముందు వాటిని చూడండి.

సీసం లేని పెట్రోలు వల్ల పాత ఇంజిన్‌కు ఏం చేయించాలి?

సీసం కలిపిన పెట్రోలు రోడ్డు వాహనాలకు అమ్మిన చివరి దేశం అల్జీరియా. 2021లో అక్కడా ఆగిపోయింది. ఆ సీసం ఎగ్జాస్ట్ వాల్వు సీట్ల మీద పల్చని పొరలా నిలిచి కాపాడేది. అది లేనప్పుడు మెత్తని ఇనుప సీటు, ముఖ్యంగా ఎక్కువసేపు వేగంగా నడిపితే, అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. హెడ్ ఎలాగూ విప్పుతారు కాబట్టి గట్టి ఉక్కు సీట్లు వేయించండి. రీబిల్డ్ కిట్‌లో ఇవి సాధారణంగా ఉండవు.

కారుతో పుట్టిన అసలు ఇంజిన్ నాది. దాన్ని ముట్టుకోవచ్చా?

ఈ ప్రశ్న అడిగినవారిని చూస్తే నాకు సంతోషం. చాసిస్ నంబరుతో జతపడే బ్లాక్ ఒక్కటే ఉంటుంది. అది పోతే ఏ కిట్టూ తిరిగి ఇవ్వలేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 1966లో ఏర్పడింది. అది రూపొందించిన ట్యూరిన్ చార్టర్ కూడా, మార్పు చేయక తప్పకపోతే దాన్ని తిరిగి తీసేయడానికి వీలుండాలని చెబుతుంది.

అసలు బ్లాక్‌ను ఉంచుకునేవాళ్లు వీలైనంత తక్కువ లోహం తీయించాలి. పది థౌతో శుభ్రపడే బోరును ముప్పైకి కోయకండి, ఆ తరువాతి యజమానికీ ఒక అవకాశం మిగలాలి. చిన్న ఓవర్‌సైజులకు పిస్టన్లు కిట్లలో దొరకడం కష్టం, ప్రత్యేకంగా చేయించాల్సి రావచ్చు. కిట్‌ను వదిలేయడానికి నాకు తెలిసిన గట్టి కారణాల్లో ఇదొకటి. బోరు మరీ అరిగిపోతే సిలిండర్‌లో స్లీవు వేయించి మొదటి సైజుకే తేవచ్చు. మట్టం చదును చేయించేటప్పుడు నంబర్లు చెక్కిన గట్టును కోసేయకుండా మెషిన్ షాపుకు ముందే రాతపూర్వకంగా చెప్పండి. ఆ నంబర్లు ఒక్క నిమిషంలో చెరిగిపోతాయి.

కారును గట్టిగా నడపాలనుకుంటే మరో బ్లాక్ వెతికి దాన్ని మీ ఇష్టం వచ్చినట్టు కట్టించుకోండి. అసలుదానికి ఆయిల్ పట్టించి, తేమ తగలకుండా చుట్టి, మూల దాచండి. నేనైతే అదే చేస్తాను.

నేనే ఇంట్లో బిగించుకోగలనా?

రీబిల్డ్ కిట్ అయితే, శ్రద్ధ ఉన్నవాళ్లు బిగించుకోగలరు. మైక్రోమీటర్లు, డయల్ బోర్ గేజ్, మంచి టార్క్ రెంచ్, రింగుల ఖాళీ కొలిచే ఫీలర్ గేజ్ కావాలి. ఆయిల్ ఖాళీని సరిచూసుకోవడానికి ప్లాస్టిగేజ్ అనే మెత్తని తీగ పనికొస్తుంది. వీటన్నిటికంటే దుమ్ము లేని గది ముఖ్యం. ఒకే వారాంతంలో ముగించాలని కూర్చోకండి. అలసిన చేతులతో బిగించిన రాడ్ బోల్టు ఎలా బిగిసిందో మీకు గుర్తుండదు.

ఖర్చు ఎందులో తక్కువ?

కిట్ ధర పక్కన కట్టించే ధర పెట్టి పోల్చేవాళ్లు సగం లెక్కే చూస్తున్నారు. కిట్ పక్కన మెషిన్ షాపు పని, బ్యాలెన్సింగ్, హెడ్ పని, మీకు లేని పనిముట్లు, సరిపోక మార్చుకునే భాగాలు రాయండి. అప్పుడు తేడా చాలా తగ్గుతుంది. అయినా మామూలుగా దొరికే ఇంజిన్‌కు కిట్ చవకే. అరుదైన ఇంజిన్‌కు అసలు కిట్టే దొరకదు, లెక్క వేయాల్సిన అవసరమూ ఉండదు.

బిల్డర్‌ను ఎంచుకునేటప్పుడు ఏం అడగాలి?

ఇదే రకం ఇంజిన్లు ఇంతకుముందు కట్టారా అని అడగండి. ఏ కొలతలు రాసి ఇస్తారు, బ్యాలెన్సింగ్ ఎక్కడ చేయిస్తారు, ఇంజిన్‌ను శక్తిని కొలిచే డైనమోమీటర్ మీద నడిపి చూపిస్తారా అన్నవి తరువాత. ఎన్ని హార్స్‌పవర్ వస్తాయో ముందే గొప్పగా చెప్పేవాళ్లకంటే, మీరు కారును ఏ వేగంతో, ఎంత దూరం, ఏ గేరింగుతో నడుపుతారని తిరిగి మిమ్మల్నే అడిగేవాళ్లను నమ్మండి. గడువు రెండింతలు అవుతుందని మనసులో అనుకోండి.

ఇంజిన్ ఒక్కటి మారిస్తే చాలా?

శక్తి పెంచకపోతే చాలు. పెంచితే రేడియేటర్, క్లచ్చు, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్ ఆ భారం మోయగలవా అని చూడాలి. అన్నిటికంటే ముందు బ్రేకులు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏం జాగ్రత్త?

ఏ దారిలో వచ్చినా ఈ అరగంటే ఇంజిన్ జీవితాన్ని నిర్ణయిస్తుంది. ముఖ్యంగా రోలర్లు లేని, చదునైన అడుగుతో కనిపించే పాత తరహా లిఫ్టర్లు ఉన్న ఇంజిన్లలో. ఆ లిఫ్టర్ అడుగు నిజానికి అతి స్వల్పంగా ఉబ్బి ఉంటుంది, దాన్ని నెట్టే కామ్‌షాఫ్ట్ ఉబ్బు, అంటే కామ్ లోబ్, కొద్దిగా వాలుగా ఉంటుంది. అందువల్లే లిఫ్టర్ తన చుట్టూ తాను తిరుగుతూ సమంగా పాలిష్ అవుతుంది. తిరగకపోతే నిమిషాల్లోనే లోబ్ చదునైపోతుంది, ఆ లోహపు పొడి కొత్త బేరింగులన్నిటిలోకీ పోతుంది.

కాబట్టి ఆయిల్ పంపును ముందే తిప్పి, గేజ్‌లో ఒత్తిడి చూశాకే స్టార్ట్ చేయండి. ఇగ్నిషన్ టైమింగ్ సరిగ్గా పెట్టి, కార్బురేటర్‌లో పెట్రోలు నింపి ఉంచండి, స్టార్టర్‌ను పదేపదే తిప్పే పని ఉండకూడదు. అందుకోగానే ఐడిల్‌లో వదలకుండా 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య మారుస్తూ 20 నిమిషాలు నడపండి. కామ్‌కు ఆయిల్ ఎక్కువగా అందేది క్రాంక్ చిమ్మే తుంపర్ల వల్ల, ఐడిల్‌లో అది చాలదు. ఆధునిక కార్ల కోసం చేసే పల్చటి ఆయిళ్లలో ఫాస్ఫరస్ పరిమితిని 0.08 శాతానికి తగ్గించారు. లిఫ్టర్లను కాపాడే జింకు సమ్మేళనమూ దానితోపాటే తగ్గింది. అందుకని బ్రేక్-ఇన్ (కొత్త భాగాలు ఒకదానికొకటి అలవాటు పడే తొలి నడక) కోసమే చేసిన, జింకు ఎక్కువగా ఉన్న ఆయిల్ పోయండి. గట్టి వాల్వు స్ప్రింగులు ఉంటే ఆ 20 నిమిషాలకు లోపలి స్ప్రింగు తీసి ఉంచండి.

ఆ తరువాత ఆయిల్, ఫిల్టరు మార్చండి. తీసిన ఫిల్టరును కోసి, కాగితం మడతలు విప్పి వెలుతురులో చూడండి. బూడిదరంగు మెరుపు కొద్దిగా కనిపించడం సహజం. వేలికి తగిలే రేకులు కనిపిస్తే మళ్లీ స్టార్ట్ చేయకుండా బిల్డర్‌కు ఫోను చేయండి.